చేతిరుమాలు మఱచిన వీరుడు

1937 సెప్టెంబరులో లండను నగరమున వెలువడిన ‘ది హాబిట్’ అను నవలయందు కథానాయకుడు మహాకార్యమునకు బయలుదేరిన తీరు చిత్రమైనది. ముందటిదినము సాయంకాలము, పిలువని పేరంటమునకు వచ్చినట్లు ఒకరివెంట నొకరుగా 13 మంది మరుగుజ్జులును, వారితోడ ఒక ముసలి మాంత్రికుడును బిల్బో బాగిన్స్ అను ఆ పెద్దమనిషి యింట దిగి, అతని కొట్టుగదిలోని తినుబండారములన్నియు ఊడ్చిపెట్టి, పళ్లెములు పగులగొట్టుదుమని పాటలు పాడి అతని గుండె జల్లుమనిపించి, తమ తాతలనాటి నిధిని హరించి దానిపై పండుకొనియున్న నిప్పులు క్రక్కు రెక్కలపామును గూర్చిన ప్రసంగముతో ప్రొద్దుపోవువఱకు గడపిరి. తెల్లవాఱి లేచి చూచునప్పటికి ఇంట ఎవరును లేరు. పీడ విరగడయైనదని సంతసించి, ఒక ఫలాహారము ముగించి, రెండవ ఫలాహారమునకు ఉపక్రమించుచున్న సమయమున మాంత్రికుడు మరల ప్రత్యక్షమై, గడియారము క్రింద మరుగుజ్జులు పెట్టిపోయిన జాబును చూపి, పయనమునకు ఇంక 10 నిముసములే యున్నదని హెచ్చరింపగా, నెత్తిన టోపీ లేక, చేత కఱ్ఱ లేక, జేబున దమ్మిడీ లేక ఆ బొజ్జమనిషి వీథివెంట పరుగులు తీసినాడు. తీరా సత్రముకడ తోడివారిని కలసికొని, ఆయాసము తీఱకమునుపే అతడు చెప్పుకొన్న మొఱ ఏమనగా, టోపీ తేలేదనియు, చేతిరుమాలు మఱచితిననియు.

మన కావ్యములందు వీరుడు బయలుదేరునపుడు ముహూర్తముండును, శుభశకునములుండును, తల్లి దీవెన యుండును, ఒరలోని కత్తి తళతళలాడుచుండును. ఇచట ముక్కు తుడుచుకొనుటకు గుడ్డ లేదని బెంగ. అయినను లక్షలాది పాఠకులు ఎనుబదియేండ్లకు పైగా ఈ చేతిరుమాలు లేని వీరుని వెంటనే నడచుచున్నారు. కత్తి తళతళలాడిన వారిలో ననేకులను మఱచిపోయినారు. ఇట్లేల జరిగెనో, నవ్వుచు నవ్వించుచు సాగు అద్భుతయాత్రానవలలు ఏ గుణముచేత పాఠకుని పట్టియుంచుచున్నవో, వాని పూర్వవంశమెట్టిదో, అందు ఏవి గట్టివో ఏవి తాలో ఒకచోట కూర్చి విచారించుట యీ వ్యాసమునకు పని.

మొదట మన లాక్షణికుల యింటనే ఒక చిక్కు గలదు. శృంగారమునుండి హాస్యమును, రౌద్రమునుండి కరుణమును, వీరమునుండి అద్భుతమును, బీభత్సమునుండి భయానకమును పుట్టునని భరతుడు వ్యవస్థ చేసినాడు. ఈ లెక్కనుబట్టి వీరుని వెంట నడువవలసినది అద్భుతము. హాస్యము శృంగారమున కంటిపెట్టుకొని యుండవలసినది. అందువలననే సంస్కృతనాటకములందలి విదూషకుడు విరహముతో వేగుచున్న రాజు ప్రక్కను కుడుములను తలచుకొనుచు కూర్చుండునేగాని, యుద్ధరంగమున కానరాడు. అయితే కాశ్మీరమునందలి అభినవగుప్తుడు ఈ తలుపును కొంచెము తెఱచి పెట్టినాడు. శృంగారమే కానక్కఱలేదు, ఏ రసమైనను తగనిచోట తగనితీరున ప్రవర్తించి ఆభాసమైనచో అది హాస్యమునకు కారణమగునని ఆయన వివరణము. అనగా వీరమునకును ఆభాసము కలదు, ఆ వీరాభాసము నవ్వు పుట్టించును. చేతిరుమాలుకొఱకు వగచు వీరుడు వీరాభాసమునకు మూర్తి.

ఇంతవఱకు శాస్త్రము. నాకు తోచినది ఆపైమాట. ఈ నవలలలో ఉత్తమమైనవి వీరాభాసముతో నారంభించి, పాఠకుడు నవ్వుచుండగనే, ఏ పుటలో జరిగినదో వ్రేలుపెట్టి చూపరాని విధమున, ఆ యాభాసమును నిజమైన వీరముగా పండించును. పండిన పిదపను నవ్వు పోదు. కథ తుదిని ఇదే బిల్బో, మరుగుజ్జులు ప్రాణముకంటె మిన్నగా చూచుకొను మహారత్నమును, యుద్ధము తప్పించుటకై రాత్రివేళ ఎదిరిపక్షమువారి చేతిలో పెట్టి, తన్ను చంపదగినంత కోపముతో మండిపడు మిత్రులకడకే తిరిగివచ్చును. అంతటి ధైర్యము చూపినవాడు ఊరు చేరునప్పటికి, చచ్చిపోయినాడనుకొని అతని సామానులు వేలము వేయుచుందురు. పోయిన వెండిచెంచాలు మరల దొరకనేలేదు. రచయిత టోల్కీన్ ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ప్రాచీనాంగ్లభాషకు ఆచార్యుడు; పరీక్షపత్రములు దిద్దుచు, విద్యార్థి యెవడో వ్రాయక విడిచిన తెల్లకాగితముపై ఈ కథయందలి తొలివాక్యము గీకినాడట. పరీక్షపత్రములు దిద్దినవారెల్లరు ఆ తెల్లకాగితమునకు కృతజ్ఞులై యుందురు.

ఈ విద్య టోల్కీన్ కనిపెట్టినది కాదు. ఎంతో ముందు వాల్మీకి దీనిని చేసి చూపినాడు. సీతాన్వేషణము మన వాఙ్మయమున మహత్తరమైన కార్యయాత్ర: నాలుగు దిక్కులకు నాలుగు దండులు, నెలదినముల గడువు, గడువు మీఱినచో శిరశ్ఛేదము. ఇంత గంభీరమైన కార్యమునకు ఆదికవి ఎన్నుకొన్న వీరులు కోతులు! దక్షిణసముద్రతీరమున, ఎవరెంత దూకగలరని అంగదుడు సభచేసి యడుగు ఘట్టమును ఒకసారి నెమ్మదిగా చదువుడు. గజుడు 10 యోజనములు దూకుదునని లేచును. గవాక్షుడు 20 అనును. వేలంపాటలో వలె ఒక్కొక్కడు పదేసి పెంచుకొనుచు పోగా, ముసలి జాంబవంతుడు, పడుచుదనమున నాశక్తి వేఱు, ఇప్పుడు మాత్రము 90 అని నిట్టూర్చును. అంగదుడు 100 దూకెదనుగాని తిరిగి రాగలనో లేనో చెప్పజాలననును. సముద్రము ఘోషించుచున్నది, గడువు దాటినది, మృత్యువు ముంగిట నున్నది. మనకు మాత్రము పెదవిపై చిఱునవ్వు మెదలుచున్నది. ఒక్కడు మాత్రము ఏ పాటయు పాడక దూరముగా మౌనముగ కూర్చున్నాడు.

ఆ యొక్కడును నవ్వునకు అతీతుడు కాడు. లంకలో రాత్రివేళ రావణాంతఃపురమున నిద్రించుచున్న మండోదరిని చూచి, ఆ రూపసంపదకు సీతయే యని భ్రమించిన హనుమంతుడు ఏమి చేసెను? భుజములు చఱచుకొనెను, తోక ముద్దుపెట్టుకొనెను, పాడెను, స్తంభములెక్కి నేలకు దుమికెను. శత్రువు పడకగదిలో, ఊపిరి బిగబట్టవలసిన చోట, బుద్ధిమంతులలో శ్రేష్ఠుడని పేరొందినవాడు అచ్చపు కోతియైపోయినాడు. క్షణములో తెలివి తెచ్చుకొని, రామునెడబాసిన సీత యిట్లు సుఖముగా నిద్రించునా యని తన్ను తాను దిద్దుకొనును. లంక కాల్చిన పిదప సీతయు కాలిపోయెనేమో యని గుండె పగిలి, చపలమైన తన కోతిబుద్ధినే నిందించుకొనును. ముందు నవ్వించిన స్వభావమే పిదప కన్నీరు తెప్పించుటకు హేతువైనది. స్వభావమునుండి పుట్టిన హాస్యమనగా ఇది. పైనుండి తెచ్చి అతికించిన చమత్కారమైనచో రెండవపని చేయజాలదు. కార్యము ఫలించిన తరువాత మధువనమున కోతులు త్రాగి, తూలి, కావలికాయు దధిముఖుని పట్టి యీడ్చి చేసిన రభస గూర్చి చెప్పవలసినది లేదు. ఆ రభస వినియే సుగ్రీవుడు కార్యసిద్ధి నూహించినాడు. మన పురాణశ్రవణములలో ఈ ఘట్టములను భక్తిపేరిట త్వరత్వరగా దాటించుట నేను పలుమాఱు గమనించితిని. నవ్విన దోషమని కాబోలు.

చీనాదేశపు ‘పశ్చిమయాత్ర’ ఈ కుదుటిలోనిదే. 7వ శతాబ్దమున బౌద్ధగ్రంథములకై భారతదేశమునకు వచ్చి, మన ధాన్యకటకమును గూడ దర్శించి వ్రాసిపోయిన హుయాన్‌త్సాంగ్ జీవితము చుట్టును శతాబ్దములపాటు అల్లుకొన్న కథలన్నియు చేరి, 1592లో నూఱు ప్రకరణముల మహానవలగా అచ్చయినవి; కర్తగా వూ చెంగ్-ఎన్ పేరు చెప్పుదురు. నడచినది చరిత్రపురుషుడైన ఒక్క భిక్షువు. నవలలో ఆయనకు తోడు ఒక కోతి, ఒక పంది, ఒక నదీభూతము, ఒక గుఱ్ఱము. పందిపేరు పాచియే. తొమ్మిదిపండ్ల దంతెన వాని ఆయుధము. తిండిపోతు, నిద్రపోతు, అత్తవారింట విడిచివచ్చిన భార్యమీద బెంగ పోనివాడు. దారిలో ఏ చిన్న ఆపద వచ్చినను, గురువు చచ్చినట్లే, మూటలు పంచుకొందము, ఎవరి యూరికి వారు పోవుదమని ముందుగా ప్రతిపాదించువాడు వాడే. పాఠకుడు వానిని చూచి నవ్వును. నవ్వుచు కొంచెము సిగ్గుపడును, ఏలనన తీర్థయాత్రలో మూడవదినమున తనకును అదే బుద్ధి పుట్టినమాట జ్ఞాపకము వచ్చును.

ఈ గ్రంథమున హాస్యము గమ్యస్థానమును గూడ విడువలేదు. వేలకొలది క్రోసులు నడచి, ఎందఱో రాక్షసులను దాటి, బుద్ధుని సన్నిధి చేరి గ్రంథములడిగిన భిక్షువును ఆనందకాశ్యపులు కానుక లేమి తెచ్చితివని యడుగుదురు. లేవన్నందులకు అక్షరములేని తెల్లకట్టలు మూటగట్టి యిత్తురు. దారిలో సంగతి బయటపడి, కోతి మండిపడి మొఱపెట్టగా బుద్ధుడు నవ్వి, వ్రాతలేని గ్రంథములే నిజమైనవనియు, తూర్పుదేశమువారికి అంత తెలివి లేదు గనుక వ్రాతగలవే యిప్పింతుననియు సెలవిచ్చును. తుదకు భిక్షువు తన బంగారు భిక్షాపాత్రమును సమర్పించుకొనవలసి వచ్చెను. ఇది యధిక్షేపమా, శూన్యవాదబోధయా? రెండును. రెంటిని వేఱుచేసిన కథ చచ్చును. పాచియేకు దక్కిన పదవి బలిపీఠముల శుద్ధి: నైవేద్యములలో మిగిలినదంతయు తినవచ్చును. మోక్షద్వారమునను వాని స్వభావము వానికి మిగిలినది.

ఐరోపాలో సెర్వాంటిస్ 1605లో ఒక భాగము, 1615లో ఒక భాగము వెలువరించిన ‘డాన్ కిహోటే’ గూర్చి లోకమంతయు వ్రాసినది గనుక ఒక్కమాటతో సరిపెట్టుదును. అందు అద్భుతము నాయకుని తలలోనే యున్నది, దారిలో లేదు. కాని మరణశయ్యపై నాయకునకు తెలివి వచ్చి తన వెఱ్ఱిని తాను త్రోసిపుచ్చినపుడు, ఇన్నాళ్లు ఆ వెఱ్ఱిని దెప్పిపొడిచిన సేవకుడు సాంచో కన్నీళ్లతో, చావవలదు, లెండు, గొఱ్ఱెలకాపరుల వేషములు వేసికొని మరల పొలములవెంట పోవుదమని బ్రతిమాలును. నవ్వినవాడే నమ్మినవాడైనాడు. తరువాత వచ్చిన హాస్యయాత్రాకథకులు ఆ యొక్క పుటకు ఎంత ఋణపడియున్నారో చెప్పనలవి కాదు.

ఇక ఇరువదవ శతాబ్దపు ఆంగ్లరచనలు. ఆర్థరు రాజు బాల్యమును అల్లరిచిల్లరిగా చెప్పిన టి. హెచ్. వైట్ నవల 1938లోను, ఫ్రిట్జ్ లైబర్ సృష్టించిన పొడుగువాడు పొట్టివాడు జంటదొంగల తొలికథ 1939లోను వెలువడినవి. 1966లో జాక్ వాన్స్ సృష్టించిన క్యూగెల్ అను ధూర్తుని యాత్ర వచ్చినది. వాడు చివరివఱకు ధూర్తుడే, ఆభాసము పండదు, అయినను వాని పలుకుబడిలోని ఠీవికొఱకు చదువవచ్చును. వీనిని దాటి లాయిడ్ అలెగ్జాండర్ కడ ఆగెదను. అమెరికాదేశీయుడైన ఈతడు వేల్స్ దేశపు ప్రాచీనగాథల ఛాయలో 1964 మొదలు 1968 వఱకు ‘ప్రిడైన్’ కథలను ఐదు సంపుటములుగా వ్రాసినాడు. చివరిదానికి 1969లో న్యూబెరీ పతకము వచ్చినది. బాలసాహిత్యమని పెద్దలు పట్టించుకొనరు. పొరపాటు.

కథానాయకుడు టారన్ వీరుడు కావలెనని కలలు కను కుఱ్ఱవాడు. ఏదో యొక బిరుదు లేక వాడు బాధపడుట చూచి, పెంచినవారు వానిని పందులకాపరికి సహాయకునిగా నియమింతురు. అందులోను ఉన్నది ఒక్క పందియే, అది సోదె చెప్పు పంది. వాని తోడివారిలో ఫ్లూడర్ అను గాయకుడొకడు. వీడు నిజమునకు ఒక చిన్నరాజ్యమునకు రాజు. సింహాసనముపై కూర్చుండ విసువు పుట్టి, గాయకులపరీక్షకు పోయి తప్పి, వీణవంటి తంత్రీవాద్యమొకటి భుజాన వేసికొని దేశముమీద పడినాడు. ఆ వాద్యమునకు ఒక గుణమున్నది: వాడు ఏదైనను కొంచెము పెంచి చెప్పినచో ఒక తీగ టప్పున తెగును. వాడు పెంచి చెప్పక యుండలేడు. కనుక ప్రతి ప్రకరణములోను తీగలు తెగుచునే యుండును, వాడు మాట సవరించుకొనుచునే యుండును, ముడులు వేయుచునే యుండును. పిల్లలు నవ్వుదురు, అవధానులు, గాయకులు, ఉపన్యాసకులు గల మన దేశమున పెద్దలును భుజములు తడవుకొనుచు నవ్వవలసినదే. ఐదవ సంపుటమున, మంచుతుపానులో మిత్రులందఱు గడ్డకట్టి చచ్చు రాత్రి, కట్టెపుల్ల దొరకనిచోట, ఈ వదరుబోతు తన ప్రాణసమానమైన వాద్యమును మోకాలిపై పెట్టి విఱిచి పొయ్యిలో వేయును. తెల్లవాఱునప్పటికి మిగిలినది ఒక్క తీగ. నాలుగు సంపుటములు మనలను నవ్వించిన తీగలు ఐదవదానిలో ఈ మంటకొఱకు కూర్చబడినవని అపుడు తెలియును. ఈ ఘట్టమును నేను నలువదియేండ్లు దాటిన తరువాత మొదటిసారి చదివితిని. చదివి పుస్తకము మూసి కొంతసేపు బయట అరుగుమీద కూర్చుంటిని.

1982 మొదలు 1984 వఱకు ఐదు సంపుటములుగా వచ్చిన డేవిడ్ ఎడ్డింగ్స్ ‘బెల్గారియడ్’ ఈ జాతియందు మిక్కిలి జనాదరణ పొందినది. విమర్శకుల చేత మిక్కిలి తిట్లు తిన్నదియు నిదే. తాతలనాటి మణి దొంగిలింపబడినది, పొలముగట్టున పెరిగిన అనాథబాలుడు రహస్యముగా రాజవంశీకుడు, వెంట వేలయేండ్ల మాంత్రికుడు: కథలో క్రొత్త యేమున్నదని వారి ప్రశ్న. ఏమియు లేదని ఒప్పుకొనవలసినదే. ఒప్పుకొనియు, పాఠకుడు ఐదు సంపుటములు వరుసగా చదువుచున్నాడే, దానికి సమాధానమేమి? కథ పొలమున ఒక వంటయింట మొదలగును. బాలునకు తొలిజ్ఞాపకము ఆ వంటయిల్లే. జగత్తును కంపింపజేయగల మంత్రకత్తె అచట కూరలు తఱుగుచు, బాలుని చెవులు కడిగినాడో లేదో చూచుచు పిన్నమ్మగా నుండును. దారిలో నక్కవంటి దొంగ, ఎలుగుగొడ్డువంటి యోధుడు, బండిక్రింద ఎవరికిని కనబడని భాగమునుగూడ తనకు తెలియును గదా యని చక్కగా బిగించు కమ్మరి వచ్చి చేరుదురు. వీరి మాటామంతియే గ్రంథమునకు ప్రాణము. తోడి ప్రయాణము చేసినగాని మనిషి తెలియడని మన పెద్దలు చెప్పినమాట ఈ నవలల మర్మము: పాఠకుడు మణి దొరకవలెనని చదువడు, ఆ గుంపు విడిపోకుండవలెనని చదువును. మణి దొరకుట ఆలస్యమగుకొలది అతనికి సంతోషము.

అయితే లోపమును కప్పిపుచ్చను. మూడవ సంపుటమునకు వచ్చునప్పటికి దొంగ పలికిన చమత్కారము యోధుడును పలుకగలడు, రాణియు పలుకగలదు. పేరులు చెఱిపివేసినచో ఎవరి మాట ఎవరిదో తెలియదు. ఎప్పుడు ఒకరి నవ్వు మఱియొకరికి అమరినదో అప్పుడది స్వభావమునుండి తెగి, అంగడిలో కొన్న అత్తరువలె అందఱిపైన ఒకే వాసన వేయును. ఈ యంటుజాడ్యము ఎడ్డింగ్స్ తరువాతివారిలో మఱింత ముదిరినది. ప్రాణాపాయమున ప్రతివాడును ఒక విసురు విసరితీరవలెనను నియమమేదో యున్నట్లు వ్రాయుచున్నారు. ఆపదయందు ఎల్లరును నవ్వుచున్నచో ఆపద లేదన్నమాట.

ఆంగ్లేయుడైన టెరీ ప్రాచెట్ త్రోవ వేఱు. 1983లో ‘ది కలర్ ఆఫ్ మ్యాజిక్’తో మొదలై, ఆయన మరణించిన 2015 వఱకు 41 నవలలుగా పెరిగిన ఆ ప్రపంచము ఒక మహాకూర్మముపై నిలిచిన నాలుగు ఏనుగులు మోయు పళ్లెము. మనకు ఏనుగులు ఎనిమిది, కూర్మము సుపరిచితమే. కనుక తెలుగు పాఠకుడు ఆ లోకమున అడుగిడగనే బంధువులయింటికి వచ్చినట్లుండును. తొలినవలలో ఒక చేతకాని మాంత్రికుడు: వాని బుఱ్ఱలో ఒక మహామంత్రము దూరి కూర్చున్నందున, దానికి జడిసి మఱి యే మంత్రమును అచట నిలువదు, పాఱిపోవుట యొక్కటియే వాని విద్య. వానికి తోడు ఆ లోకమున మొట్టమొదటి విహారయాత్రికుడు, కండ్లజోడు పెట్టుకొని, కత్తులుదూసి కొట్టుకొనుచున్నవారిని చూచి ముచ్చటపడువాడు. ఇతని పెట్టె నూఱుల చిన్నకాళ్లతో వెంట నడచుచు, తన యజమాని జోలికి వచ్చినవారిని మ్రింగుచుండును. ఈ యమాయకుడు ఒక పానశాల యజమానికి అగ్నిప్రమాదపు బీమా అనగా నేమో నోరూర వివరించి చెప్పి, పత్రము వ్రాసి యిచ్చును. కాలినచో సొమ్ము వచ్చునా యని యజమాని అడిగెను. వచ్చునని యితడు చెప్పెను. ఆ రాత్రియే పానశాల, దానితో నగరమును అంటుకొన్నవి.

ఇది పరిహాసము, పూర్వగ్రంథములను వెక్కిరించు వ్రాత. ప్రాచెట్ యిచటనే నిలిచియున్నచో నాలుగు నవలలతో మఱుగున పడెడివాడు. కాలము గడచినకొలది ఆయన గ్రంథములను వెక్కిరించుట మాని మనుష్యులను చూచుట నేర్చుకొన్నాడు. హాస్యము వాక్యమునుండి పాత్రలోనికి దిగినది. భరతుడు చెప్పిన స్మిత హసిత విహసితాది భేదములలో అతిహసితముతో నారంభించి స్మితమునకు చేరిన ప్రయాణము ఆయనది. హాస్యరచయితలలో పెక్కురు దీనికి ఎదురుదిక్కున నడతురు.

విలియం గోల్డ్‌మన్ 1973లో వ్రాసిన, 1987లో చలనచిత్రమై మఱింత ప్రసిద్ధి పొందిన ‘ది ప్రిన్సెస్ బ్రైడ్’ తాను వేఱొక గ్రంథకర్త నవలకు సంక్షేపమని నమ్మబలుకును. ఆ మూలమును లేదు, ఆ కర్తయు లేడు. 2017లో కెనడాదేశపు నికొలస్ ఈమ్స్ వెలువరించిన ‘కింగ్స్ ఆఫ్ ది వైల్డ్’ నందలి వీరులు ముసలివారైన కూలిసైనికులు: నడుమునొప్పి, బొజ్జ, పాతతగవులు గలవారు; మిత్రుని కూతురు ముట్టడిలో చిక్కుకొన్నందున మరల మూటగట్టుకొని బయలుదేరుదురు. కీళ్లనొప్పులు గల వీరుని ఇంకను మన సాహిత్యము చూడవలసియున్నది.

మన సాహిత్యము మాట వచ్చినది గనుక అదియు చూతము. ఆంధ్రదేశమునకు ఈ ప్రక్రియ పరాయిది కాదు. సాతవాహనాస్థానమునకు సంబంధించినదిగా చెప్పబడు గుణాఢ్యుని బృహత్కథ సంతతియంతయు సాహసయాత్రలతో, కొంటెతోడుగాండ్రతో నిండియున్నది. ఇటీవలికాలమున మధిర సుబ్బన్న దీక్షితులుగారి ‘కాశీమజిలీకథలు’ 12 భాగములును ఒక్క యాత్రయే: మణిసిద్ధుడను యతి కాశికి పోవుచు, తోడు దొరకక, పసులకాపరి బాలుని బ్రతిమాలి వెంటదీసికొనును. మజిలీమజిలీకిని ఊరిలో తాను చూచిన వింతకు కారణము కథగా చెప్పవలెనని ఆ బాలుని పట్టు. సిద్ధుడు వేదాంతమును, బాలుడు తిండిని కథను కోరుదురు. ఈ జంటను మించిన హాస్యయాత్రాబీజము మఱియొకటి నాకు తెలియదు. కాని దీక్షితులుగారి చూపు మజిలీకథల మీదనే. నడచువారిద్దఱు ద్వారబంధమువలె నిలిచిపోయిరి, ద్వారబంధము ఎదుగదు గదా.

ఆ కథలలోనిదే యొకటి ఆధారముగా 1951లో విజయావారి ‘పాతాళభైరవి’ చలనచిత్రము వచ్చినది. తోటరాముడు సాహసి, అంజిగాడు వాని తోడు. నేపాళమాంత్రికుని గడ్డము గొఱిగించి వాని శక్తి నూడబెఱికినది రాముని కత్తి కాదు, అంజిగాని బూటకపు మాట. ఎంత చక్కని కల్పన! అయినను చూడుడు, నవ్వు నవ్వించు పని అంజిగానికి, వీరత్వము రామునికి, వేర్వేఱు శాఖలుగా పంపకమైపోయినది. ఈ పంపకము పిదప తెలుగుతెరకు శాసనమైనది: వీరుని చూచి నవ్వరాదు, నవ్వవలెనన్నచో ప్రక్కవానిని చూచి నవ్వవలెను. ‘చందమామ’లో 1954 నుండి ‘తోకచుక్క’తో నారంభించి దాసరి సుబ్రహ్మణ్యముగారు వ్రాసిన ధారావాహికలు, చిత్రాగారి బొమ్మలతో, తరతరముల తెలుగు పిల్లలకు అద్భుతయాత్రను అలవాటు చేసినవి, ‘శిథిలాలయము’నందలి శిఖిముఖిని, విక్రమకేసరిని తలచుకొన్నచో నాకు ఈనాటికిని అడవివాసన సోకును. అయితే ఆ వీరులు చేతిరుమాలు మఱచువారు కారు. మాసమాసమును ఆపదలోనుండి ఆపదలోనికి దుముకువారికి మఱచుటకు తీరిక యేది?

వాల్మీకి హనుమంతునిచేత తోక ముద్దుపెట్టించినాడు. ఆ ధైర్యము మనకు తరువాత ఎచట జాఱిపోయినదో నేను చెప్పజాలనుగాని, మన నవలలో వీరుడు నవ్వులపాలైన మఱునిముసమున నాయకత్వము కోల్పోవునని రచయితలు జడియుచున్నమాట మాత్రము నిజము. పరభాషలలో జరిగిన దానినిబట్టి చూడగా ఆ భయమునకు ఆధారము లేదు.

ఈ గ్రంథములలో ఏది ముందు చదువవలెనని అడుగువారికి నా సలహా యిది. పిల్లలున్న యింట ‘హాబిట్’తో మొదలుపెట్టి రాత్రికొక ప్రకరణము పైకి చదివి వినిపింపుడు. తీరిక గలవారు ‘పశ్చిమయాత్ర’ చేపట్టుడు. ఆర్థర్ వేలీ 1942లో ‘మంకీ’ పేరుతో ఆంగ్లమున చేసిన సంక్షేపము మొదటికి చాలును. ఎడ్డింగ్స్‌ను రైలుప్రయాణమునకు ఉంచుకొనుడు. అలెగ్జాండర్ ఐదు సంపుటములను వరుస తప్పక చదువుడు, ఐదవది ముందు చదివినచో తీగలు ఊరక తెగిపోవును. అటుకమీద తాతగారి కాశీమజిలీకథలున్నచో దింపి దుమ్ము దులిపి, మొదటిమజిలీ చదువుడు. పసులకాపరి కుఱ్ఱవాడు ఇంకను అచటనే కూర్చుండి తన కథ తనకెవరు వ్రాయుదురా యని ఎదురుచూచుచున్నాడు.